బొగ్గుకు ఇనుము

జూన్ 4, ఆదివారం

గిలకకు,

నానమ్మ దీవెనలు. మందలింపు ముందు, క్షేమం తర్వాత. క్షేమంగానే ఉన్నాం కాబట్టి దానికి తొందర లేదు.

కొండమీది వాతావరణ కేంద్రానికి వెళ్తూ నువ్వు నాకు అప్పగించినవి రెండు: కిటికీలో మొక్కలు, లాప్‌టాప్‌లో నువ్వు ఆడే గనుల ఆట. ప్రాణమున్న మొక్కలకు "రోజూ కాసిని నీళ్ళు" అని ఒక్క ముక్క రాశావు. ప్రాణం లేని ఆటకు నాలుగు కాగితాల సూచనలు. అక్కడ ఫోనూ ఇంటర్నెట్టూ ఉండవనీ, పదిహేను రోజులకోసారి సరుకుల జీపు వస్తే ఉత్తరాలు అందులోనేననీ అన్నావు గనక నీ తరఫున ఆడతానని మాటిచ్చాను. మాటిచ్చాను కాబట్టి ఆడుతున్నాను, ఇష్టమై కాదు.

నాకు అర్థమైంది రాస్తాను, తప్పుంటే దిద్దు. ఈ ఆటలో ప్రతి మనిషీ మొదటిరోజే ఒక్క ఖనిజం ఎంచుకోవాలి. ఇక జన్మంతా అదే తవ్వాలి. నువ్వు బొగ్గు ఎంచుకున్నావు. వెండి ఉండగా, రాగి ఉండగా, బొగ్గు! పలుగుతో పొరను కొడితే బొగ్గు రాలుతుంది. అయిదారు దెబ్బలకు పొర ఖాళీ అయిపోతుంది, మళ్ళీ నిండేదాకా గోడకానుకుని నిలబడాలి. సంచి బరువెక్కేకొద్దీ నడక మందగిస్తుంది. ఇది మాత్రం ఎవరో తెలిసినవాళ్ళే రాశారు. బజారు నుంచి వచ్చేటప్పుడు నా నడకా అంతే.

తవ్వింది మార్చుకోవాలంటే బజార్లో ధరల బోర్డు ఉంది. అక్కడ ఇరవైకి ఒకటి కమీషన్ కోసుకుంటారు, అది అన్యాయం. లేదంటే ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి, ఇద్దరూ "సరే" నొక్కితే వస్తువు చేతులు మారుతుంది. ఇవి కాక పాత గని ముందు నీ పెట్టె ఒకటి. దానికి రెండే తాళంచెవులు, ఒకటి నీది, రెండోది ఎవరిదో నువ్వు రాయలేదు. నాలుగో కాగితంలో గీత గీసి మరీ రాశావు: "ప్రతి ఆదివారం పెట్టెలో బొగ్గు పెట్టు. అందులో ఉన్నది తీసుకో. లెక్కపెట్టకు. మిగతావన్నీ పోయినా ఫర్వాలేదు నానమ్మా, ఆ పెట్టె ఒక్కటీ ఖాళీగా ఉండకూడదు."

ముప్పై ఏళ్ళు ఆడిట్ ఆఫీసులో పనిచేసినదాన్ని లెక్కపెట్టొద్దంటే ఎలాగే?

మీ అన్నయ్య బాగానే ఉన్నాడు. వెళ్ళేముందు నువ్వు వచ్చి ఉన్న ఆ నాలుగు రోజులూ మాట కలపలేదేమిరా అంటే "కింద పనుంది" అన్నాడు. రెండేళ్ళుగా వాడికి కింద పనే. ఇంటి కింద మీ నాన్న వదిలివెళ్ళిన లేత్ వర్క్‌షాపు చెల్లెలితో కలిసి నడపాలని కలగన్న మొండివాడు వాడు. చెప్పకుండా ఉద్యోగానికి సంతకం పెట్టి వెళ్ళిపోయిన మొండిదానివి నువ్వు. మధ్యలో తీర్పు చెప్పే ఉద్యోగం నాకొద్దు, నేను రిటైరయ్యాను.

స్వెట్టరు పెట్టెలో దాచుకోవడానికి కాదు, తొడుక్కో.

నానమ్మ

*

జూన్ 16

నానమ్మా,

తొడుక్కున్నాను, ఒకటి కాదు, రెండు. ఇక్కడ ఉతికి ఆరేసిన తువ్వాలు తెల్లారేసరికి అట్టముక్కలా నిలబడుతోంది. గోడకి చేరేసి పెట్టొచ్చు.

మేం ఇద్దరమే. నేనూ, మా పెద్ద పరిశీలకుడూ. ఆయనకి నేను మబ్బుసారు అని పేరు పెట్టాను, ఆయనకి తెలీదు. కిటికీలోంచి చూసి "ఇంకో గంటలో వాన" అంటాడు. పడకపోతే మబ్బుల మీద కోపగించుకుంటాడు. మూడు గదులు. ఒకటి నాది, ఒకటి ఆయనది, మధ్యది పరికరాలది. పరికరాల గదిలోనే హీటరు ఉంది, మాకు లేదు. మనుషులు చలికి తట్టుకుంటారట, యంత్రాలు తట్టుకోవట. మూడు గంటలకోసారి గాలి, చలి, వాన చూసి రేడియోలో అంకెలు చదువుతాం. అంకెలు తప్ప ఇంకేం మాట్లాడకూడదు. మొన్న పొరపాటున "నమస్కారం" అన్నాను, అటువైపు ఆయన "అది ఏ పరికరం?" అన్నాడు.

నువ్వు ఆట బాగానే పట్టుకున్నావు, దిద్దేదేం లేదు. పెట్టె సంగతి ఒక్కటే మళ్ళీ చెప్తాను. అవతలివాళ్ళు ఎంత పెడితే అంతే తీసుకో, రేటు చూడకు. ఆ మనిషెవరో చెప్పలేను. చెడ్డ మనిషి మాత్రం కాదు. ఆదివారం బొగ్గు కనబడకపోతే కంగారు పడతాడు, అందుకే నీకంత గట్టిగా రాశాను.

అన్నయ్య భోజనానికి వేళకి పైకి వస్తున్నాడా? ఊరికే అడిగాను. నేనడిగానని చెప్పకు.

గిలక

*

జూన్ 25, ఆదివారం

గిలకకు,

దీవెనలు. నీ ఉత్తరం అందింది. అందేసరికే జరగాల్సింది జరిగిపోయింది, నీ మంచికే.

నిన్నెవరో మోసం చేస్తున్నారు. తొందరపడి అంటున్న మాట కాదు. నేను వారమంతా ధరల బోర్డు ముందు నిలబడి చూశాను. రెండు బొగ్గులకు ఒక ఇనుపరాయి, అటూ ఇటూ కదలడం లేదు. కారణం కూడా కనుక్కున్నాను. కొలిమిలో ఒక ఇనుపరాయికి రెండు బొగ్గులు వేస్తేనే ఒక ఉక్కు కడ్డీ వస్తుంది. బొగ్గు లేకుండా కరిగిస్తే సగం చిట్టెం, పారెయ్యాల్సిందే. బొగ్గొక్కటే ఉన్నా మసి తప్ప ఏమీ రాదు. అంటే ఇనుము తవ్వేవాడికి బొగ్గువాళ్ళ అవసరం ఎంతో, బొగ్గువాళ్ళకి వాడి అవసరం అంతే. ఇద్దరిలో ఎవరూ ఎక్కువ కాదు. అలాంటప్పుడు నీ పెట్టె పెద్దమనిషి వంద బొగ్గు పట్టుకుపోయి ఒక వారం ముప్పై రాళ్ళు, ఇంకో వారం ఇరవై రెండు పెట్టడమేమిటి? యాభై రావాలి.

నువ్వు మెత్తగా ఉంటే లోకం నెత్తికెక్కుతుంది. అందుకని పోయిన ఆదివారం పెట్టెకు ఒక పలక తగిలించాను. ఆటలో ఆ సౌకర్యం ఉంది, నువ్వు ఎప్పుడూ వాడుకున్నట్టు లేదు. మర్యాదగానే రాశాను: "వంద బొగ్గుకు యాభై ఇనుము. ఇకనుంచి లెక్క ప్రకారమే." కింద నీ ఆటపేరు దానంతటదే పడింది.

ఫలితం విను. ఇవాళ పెట్టె తెరిస్తే సరిగ్గా యాభై! ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. గట్టిగా అడిగితే ఇచ్చేవాడు ఇన్నాళ్ళూ ఎందుకివ్వలేదు? పలక తియ్యమంటావేమో, తియ్యను.

మీ అన్నయ్య వేళకే వస్తున్నాడు. వచ్చి ఏం లాభం? ఈ వారం కంచం ముందు కూర్చుని కిటికీ చూస్తున్నాడు. ఎవరిదో షాఫ్టు పాడుచేశాడట, మళ్ళీ మొదటినుంచి తిప్పుతున్నాడు. ఇవాళ ఉన్నట్టుండి, "నానమ్మా, కొండెక్కితే మనుషులు మారిపోతారా?" అన్నాడు. పైన గాలి పలచన, నీళ్ళు తొందరగా మరుగుతాయి, మనుషుల సంగతి మేం చదువుకోలేదురా అన్నాను. లేచి చెయ్యి కడుక్కున్నాడు. సగం అలాగే వదిలేశాడు. ఏమైందో చెప్పడు. ఏ గిరాకీతోనో మాటామాటా వచ్చి ఉంటుంది.

మొక్కలు నీకంటే బుద్ధిగా ఉన్నాయి.

నానమ్మ

*

జూలై 7

నానమ్మా,

వానలకి దారి తెగి జీపు ఆలస్యమైంది. నీ ఉత్తరం ఇందాకే చేతికొచ్చింది. జీపు సరుకు దింపి వెంటనే వెనక్కి పోతోంది, డ్రైవరు టీ తాగేలోపు రాయాలి. అక్షరాలు చూసి తిట్టకు.

ఆ పలక తీసెయ్. ఇది చదవగానే, కళ్ళజోడు కూడా తీయకుండా, వెళ్ళి తీసెయ్.

ఆ పెట్టె మనిషి అన్నయ్య.

అవును, మన అన్నయ్యే. వర్క్‌షాపులో లేత్ వెనక, ఆర్డర్లు రాసుకునే పాత కంప్యూటరు ఉంది కదా, దాంట్లో ఆడతాడు. చిన్నప్పుడు ఆ కంప్యూటరు ముందే ఇద్దరం ఒక్క కుర్చీలో ఇరుక్కుని ఈ ఆట మొదలుపెట్టాం. ఏ ఖనిజం కావాలని అడిగితే వాడు ఇనుమన్నాడు. నేను వెండి అనబోయాను. "ఒసేయ్ గిలకా, నువ్వు బొగ్గు తీసుకో. అప్పుడు మనకి ఇంకెవరితోనూ పనుండదు" అన్నాడు. అందుకే బొగ్గు. నువ్వేమో నా తెలివిని వెక్కిరించావు.

నేను ఉద్యోగానికి వెళ్ళిన వారం వాడు నా ఫోను ఎత్తలేదు. ఆ ఆదివారం ఏం చెయ్యాలో తోచక పెట్టెలో బొగ్గు పెట్టాను. మర్నాడు చూస్తే బొగ్గు లేదు, ఇనుము ఉంది. అంతే. అప్పట్నుంచి ఒక్క వారం తప్పలేదు. ఒక్క మాటా లేదు, పలకా లేదు. వాడు ముప్పై పెడితే పని ఎక్కువగా ఉందని అర్థం. ఒకసారి మూడే పెట్టాడు, నీకు ఫోన్ చేస్తే వాడికి జ్వరమన్నావు. నేను ఉద్యోగం ట్రైనింగ్ పరీక్షలప్పుడు పదో పదిహేనో పెట్టినా వాడు ఎనభై పెట్టేవాడు. లెక్క ఎందుకు చూడొద్దన్నానో ఇప్పుడర్థమైందా? అందులో ఉన్నది లెక్క కాదు, నేను బాగున్నాను, నువ్వూ బాగున్నావా అని.

ఇప్పుడు వాడేమనుకుంటాడు? రెండేళ్ళ తర్వాత చెల్లి మొదటిసారి నోరు విప్పి అన్న మాట అది, నానమ్మా. "ఇకనుంచి లెక్క ప్రకారమే."

ఇక్కడ నెట్ లేదని వాడికి తెలీదు. నా మాటెత్తితే లేచి వెళ్ళిపోతాడు కదా, నువ్వు చెప్పుండవు. పలక తీసి, ఎప్పటిలా బొగ్గు పెట్టు, ఎక్కువే పెట్టు. నువ్వు ఆడుతున్నట్టు మాత్రం వాడికి చెప్పకు. నీకు తెలిసిపోయిందంటే సిగ్గుతో ఆ కాస్తా మానేస్తాడు. డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

గిలక

*

జూలై 9, ఆదివారం

గిలకకు,

దీవెనలు. జీపు రాలేదు, నీ ఉత్తరమూ రాలేదు. పోస్టాఫీసులో అడిగితే దారి తెగిందన్నారు. ఇది రాసి ఉంచుతున్నాను, ఎప్పుడు పోతే అప్పుడు పోతుంది.

నీ పెట్టె వ్యవహారం ఒక కొలిక్కి వచ్చింది. పోయిన ఆదివారం ఆ మనిషి యాభై రాళ్ళు పెట్టాడు కానీ బొగ్గు ముట్టుకోలేదు. ఇదెక్కడి పద్ధతి? ఎదుటివాడి సరుకు ఊరికే తీసుకోవడం నా స్వభావం కాదు, అందుకని ఆ రాళ్ళు అలాగే ఉంచాను. ఇవాళ తెరిచాను. బొగ్గు అలాగే ఉంది, రాళ్ళు అలాగే ఉన్నాయి. వాటి పైన అతని తాళంచెవి ఉంది. సూచనలు వెతికి చూశాను. తాళంచెవి పెట్టెలో వదిలేస్తే పొత్తు చాలించుకున్నట్టట. ఇక అతను ఆ పెట్టె తెరవలేడు. ఎదురుపడి చేతికి ఇస్తేనే మళ్ళీ తీసుకోగలడు.

పీడ వదిలిందనుకో. న్యాయంగా ఇమ్మంటే పారిపోయేవాడు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఇక నీ బొగ్గంతా బోర్డు మీద పెట్టి అమ్ముతాను. కమీషన్ పోయినా మనకే లాభం. తిరిగొచ్చేసరికి నీ పేరున మంచి నిల్వ చూపిస్తాను.

మీ అన్నయ్యకు ఏమైందో నాకు అంతుపట్టడం లేదు. కిందినుంచి నీ స్టూలు తెచ్చి పై గదిలో మూల పెట్టాడు. నువ్వు స్కూలు నుంచి వచ్చి కాళ్ళూపుకుంటూ కూర్చునే ఆ ఎత్తు స్టూలే. రెండేళ్ళూ లేత్ పక్కనే ఉంది, ఎవరు కూర్చోబోయినా విరిగిపోతుందనేవాడు. "ఇప్పుడెందుకురా పైకి?" అంటే "అడ్డం" అన్నాడు. నన్ను చూస్తే తలుపు చాటుకు తప్పుకుంటున్నాడు. వాడికి పెళ్ళి సంబంధాలేవైనా చూడాలేమో, నీ ఉద్దేశం రాయి.

నానమ్మ

*

జూలై 16, ఆదివారం

నా తల్లీ,

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. ఒకసారి చదివి మడిచి పెట్టాను. కాసేపటికి మళ్ళీ తీసి చదివాను. నా ముందటి ఉత్తరం నీ చేతికి ఈపాటికి చేరి ఉంటుంది, అందులో నేను ఎంత గొప్పగా రాసుకున్నానో తలుచుకుంటే చెవులు వేడెక్కుతున్నాయి. పీడ వదిలింది అన్నానే!

పలక వెంటనే తీశాను. పెట్టెనిండా బొగ్గు పోశాను. కానీ తాళంచెవి లేనివాడు ఎలా చూస్తాడు? నువ్వు చెప్పొద్దన్నావు. రెండు రోజులు ఆలోచించాను గిలకా, నీ మాట జవదాటాలనే నిర్ణయించుకున్నాను. ఎందుకో చెప్తాను. మా ఆఫీసులో పద్దు తప్పు రాస్తే గీకి చెరపనిచ్చేవాళ్ళు కాదు. ఒక్క గీత కొట్టి, పైన సరైనది రాసి, పక్కన సంతకం పెట్టాలి. కింద తప్పు కనబడుతూనే ఉండాలి, ఎవరు చేశారో తెలియాలి. చెరిపేస్తే చూసేవాడికి అనుమానం మిగిలిపోతుంది. నేను గుట్టుగా పలక తీసేసి ఊరుకుంటే, నువ్వే కోపంతో పెట్టి నువ్వే జాలితో తీశావనుకుంటాడు. ఆ అనుమానం వాడికి జన్మంతా ఉంటుంది.

అందుకని ఇవాళ పొద్దున లాప్‌టాప్ చంకన పెట్టుకుని వర్క్‌షాపులోకి దిగాను. ఆదివారం కదా, వాడొక్కడే ఉన్నాడు.

"మెట్లు చూసుకో నానమ్మా! ఆ సామానేంటి?"

"నీ ఆట తెరువు."

"ఏ ఆట?"

"నాటకాలు నా దగ్గర కాదు. ఇనుము తవ్వే ఆట."

వాడి మొహం చూడాల్సింది. చిన్నప్పుడు పంచదార డబ్బాలో చెయ్యి పెట్టి దొరికిపోయినప్పటి మొహం. లేత్ ఆపి, చేతులు నూలు పీచుతో తుడుస్తూ నిలబడ్డాడు. తుడిచినవే మళ్ళీ తుడుస్తున్నాడు.

"వందకు యాభై అని పలక పెట్టింది నేను" అన్నాను. "జూన్ మొదటినుంచీ ఆ బొగ్గు తవ్వుతున్నదీ నేనే. అవతల ఉన్నది నువ్వని తెలియక, ఎవడో మోసగాడనుకున్నాను. తప్పు నాది. నీ చెల్లెలికి ఇందులో పిసరంతైనా పాత్ర లేదు."

తేలికపడతాడనుకున్నాను. లేదు. ఇంకా బిగుసుకుపోయాడు.

"జూన్ నుంచా? మరి ఇన్ని వారాలూ... అది కాదా పెట్టింది?"

"కాదు."

"ఎందుక్కాదు? ఏమైంది? ఎలా ఉంది?"

"ఎవరు?" అన్నాను.

"అదే..."

"అదే అంటే నాకు తెలీదురా. పేరు పెట్టి అడుగు."

కఠినంగా ఉన్నాననుకుంటావేమో. రెండేళ్ళుగా ఈ ఇంట్లో నేనొక్కదాన్నే పలికే పేరది. ఇంకో గొంతులో వినాలనిపించింది.

నేలకేసి చూస్తూ, "గిలక ఎలా ఉంది నానమ్మా?" అన్నాడు.

నీ ఉత్తరాలు రెండూ చేతికిచ్చాను. కిటికీ దగ్గర నిలబడి చదివాడు. తువ్వాలు గోడకి చేరేసే చోట పైకే నవ్వాడు. "ఇది మారదు" అన్నాడు. రెండోదానికి వచ్చేసరికి నాకు వీపు తిప్పి, లేత్ మీద ఏదో బిగించడం మొదలుపెట్టాడు. అది బిగించే ఉంది.

తర్వాత ఆట తెరిచాం. ఒకే గదిలో, వాడు ఆ కంప్యూటరు దగ్గర, నేను పనిబల్ల దగ్గర. తెరమీద పాత గని ముందు మా ఇద్దరి బొమ్మలూ ఎదురెదురుగా నిలబడ్డాయి. తాళంచెవి చాచి "సరే" నొక్కాను. వాడు నొక్కలేదు.

"ఇది నువ్వివ్వకూడదు నానమ్మా" అన్నాడు. "అది చెప్పకుండా వెళ్ళిపోయిందని నేను రెండేళ్ళు అలిగాను. ఒక్క పలక చూసి నేనూ చెప్పకుండా తాళంచెవి పడేసి వచ్చేశాను. ఒక్కమాట అడిగుంటే పోయేది. ఇద్దరం ఒకే అచ్చు. ఇప్పుడు అదిస్తేనే తీసుకుంటాను."

నేను చెయ్యగలిగింది ఇక్కడితో అయిపోయింది. తాళంచెవి నా దగ్గరే ఉంది, అన్నయ్య కిందే ఉన్నాడు, మాట నీది. పెట్టె ఖాళీగా లేదు, కానీ అవతలి చెయ్యి లేదు. ఏం చేస్తావో నువ్వు చూసుకో. నేను సలహా ఇవ్వను. ఈ మధ్య నా సలహాలు ఎలా తగలడ్డాయో చూశావుగా.

నానమ్మ

*

జూలై 28

నానమ్మా,

జీపు మళ్ళీ ఆలస్యం, నీ రెండు ఉత్తరాలూ అందులోనే వచ్చాయి. తాళంచెవి సంగతి ముందు చదివి, మెట్లమీద కూలబడ్డాను. మబ్బుసారు పరుగెత్తుకొచ్చి "ఏ పరికరం చెడిపోయింది?" అన్నాడు. రెండోది చదివాక నేను నవ్వుతుంటే ఆయనకి ఇంకా భయమేసింది.

నా మాట జవదాటినందుకు నీమీద కోపం లేదు. నా మాటే తప్పు. గుట్టు గుట్టు అంటూ రెండేళ్ళు ఇద్దరం బొగ్గూ ఇనుమూ మోసుకున్నాం గానీ ఒక్కడుగు ముందుకేయలేదు.

లోపల పెట్టిన రెండో కాగితం నీకు కాదు. నువ్వు చదవవని నాకు తెలుసు, అందుకే కవరు కూడా అంటించలేదు.

గిలక

*

జూలై 28

అన్నయ్యా,

ఎలా మొదలుపెట్టాలో తెలీక రెండు కాగితాలు చింపాను. నానమ్మకి చెప్పకు, దండగంటుంది.

ఆ ఉద్యోగం కాగితం వచ్చిన రోజు నేను నీకు చెప్పడానికి కిందికి దిగాను. నువ్వు పెద్ద షాఫ్టు ఎక్కించి ఉన్నావు. మాట్లాడితే నీ చెయ్యి తప్పుతుందని పైకి వచ్చేశాను. మళ్ళీ దిగాను. నువ్వు గిరాకీకి చెప్తున్నావు, "మా చెల్లి ఈ ఏడు చదువు అయిపోగానే ఇక్కడే, షాపు బోర్డు మీద ఇద్దరి పేర్లూ రాయిస్తున్నా" అని. ఆ మాట విన్నాక నాకు నోరు రాలేదు. నీకు చెప్తే నువ్వు వద్దంటావని కాదు. వద్దనవు. "సరే వెళ్ళు" అంటావు, అని ఆ బోర్డు తీసి పక్కన పెడతావు. అది చూడలేక చెప్పకుండా పోయాను. పిరికిదాన్ని. క్షమించమని అడగడానికి కూడా రెండేళ్ళు పట్టింది.

నాకు ఇక్కడ పని బాగుంది అన్నయ్యా. గాలి ఎటు తిరుగుతుందో నేను చదివిన అంకెల్ని బట్టి ఎక్కడో పడవలు ఆపుతారట. మబ్బుసారు వచ్చే నెల రిటైరవుతున్నాడు. ఆయన స్థానంలో ఇంకో ఏడాది ఉంటావా అని అడిగారు. కాగితం నా దిండు కింద ఉంది. నాకు ఉండాలని ఉంది. కానీ సంతకం పెట్టలేదు. నీతో చెప్పాక పెడదామని ఆగాను. అడ్డుపడమని కాదు, అనుమతి అని కూడా కాదు. నీకు తెలిసి వెళ్ళాలని.

నువ్వేమంటావు?

తాళంచెవి నానమ్మ చేత్తో నేనే ఇస్తున్నాను. తీసుకో. ఇనుము ఎన్ని పెట్టినా సరే.

నీ చెల్లి

*

ఆగస్టు 6, ఆదివారం

గిలకకు,

దీవెనలు. కవరు అంటించకపోయినా నేను చదవలేదు. అయితే వాడు మెట్ల మధ్యలో కూర్చుని చదువుతుంటే, పై మెట్టు మీద నాకు పని పడింది.

కింద ఒక గిరాకీ వచ్చి పిలిచాడు. "ఆగవయ్యా, మా చెల్లెలి ఉత్తరం చదువుకుంటున్నా" అని ఇక్కణ్ణుంచే కేకేశాడు. వీధంతా వినబడేలా. గిరాకీ ఆగాడు.

చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని నాకేసి తల తిప్పాడు. "సంతకం పెట్టమని రాసెయ్ నానమ్మా. దానికి ఇష్టమైనప్పుడు మధ్యలో నన్నెందుకు అడగడం?"

"అడక్కపోతే రెండేళ్ళు అలిగావుగా."

"అది వేరు" అన్నాడు. లాప్‌టాప్ తెమ్మన్నాడు. తెచ్చాను. తెరమీద నేను తాళంచెవి చాచాను, వాడు "సరే" నొక్కాడు. నొక్కి వెంటనే పెట్టె తెరిచి చూసి, "ఇంత బొగ్గేంటి నానమ్మా, కొండ తవ్వేశావా?" అన్నాడు. ఉన్నదంతా పోశానురా, ఎంతో నాకు తెలీదన్నాను. నాకేసి అనుమానంగా చూశాడు. కానీ నిజంగానే తెలీదు.

ఇంక పని అయిపోయిందని కిందికి వెళ్ళాడు. వెళ్ళినవాడు మళ్ళీ వచ్చాడు. "ఆ గదిలో హీటరు లేదంది కదా, రాత్రి ఏం కప్పుకుంటోందో అడుగు." సరే అన్నాను. దిగాడు, మళ్ళీ ఎక్కాడు. "ఆ మబ్బుసారు వెళ్ళిపోతే ఇంకెవరు తోడు ఉంటారో అడుగు." మూడోసారి వచ్చి, పడవలు ఆపడం గురించి ఏదో మొదలుపెట్టేసరికి నాకు విసుగొచ్చింది. నీ గుమాస్తానట్రా నేను, నీ చెల్లెలు, నువ్వే అడుక్కో అని నా కాగితాల కట్టా, పెన్నూ చేతిలో పెట్టాను. నాకు ఉత్తరాలు రాయడం రాదన్నాడు. గిరాకీకి బిల్లు రాస్తావు కదా, అలాగే మొదలుపెట్టు, ముందు పేరు రాయి అన్నాను.

గిరాకీ రేపు రమ్మనిపించుకుని వెళ్ళిపోయాడు. జీపుకు ఉత్తరాలు తీసుకెళ్ళే మనిషి ఇందాకే వచ్చాడు, గుమ్మంలో నిలబడ్డాడు. వాడి ఉత్తరం కూడా దీంతోపాటు పెడదామని కిందికి వెళ్ళాను. పనిబల్ల మీద ఇనుప ముక్కలు పక్కకు నెట్టి, మోచేతులు ఆనించి కూర్చున్నాడు. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని రాస్తున్నాడు, స్కూల్లో లాగే. అప్పటికే రెండు వైపులా నింపిన కాగితాలు మూడు పక్కన ఉన్నాయి. "అయిందట్రా?" అంటే తలెత్తకుండా చెయ్యి ఊపాడు, ఇంకా ఉంది అని.

అందుకని నాది ముందు పంపుతున్నాను.

నానమ్మ